కేసు పడుతుందన్న భయం పక్కన పెట్టి బడి నడపడం ఎలా?

బడిలో ఒక పిల్లాడు మెట్ల మీద జారి పడ్డాడని కబురు వస్తుంది. ప్రిన్సిపాల్ నోట మొదట వచ్చే మాటేంటో గమనించండి. "దెబ్బ ఎక్కడ తగిలింది?" అనా, "ఆ టైంలో డ్యూటీ ఎవరిది?" అనా? నేనూ చాలా ఏళ్లు రెండో ప్రశ్నే ముందు అడిగాను. చట్టం తెలిసి కాదు, తెలియకే.

నష్టపరిహారం కేసుల గురించి బడి పెద్దల్లో సాధారణంగా రెండు రకాల ధోరణులు కనిపిస్తాయి. మొదటిది, "ఏం చేసినా కేసు వేస్తారు, ఏమీ చేయకపోవడమే మేలు" అనేది. రెండోది, "మన బడిలో అలాంటివి జరగవు, తల్లిదండ్రులు మనవాళ్లే" అనేది. చూడటానికి ఒకదానికొకటి ఎదురు. కానీ రెండు బడుల్లోనూ విరిగిన గేటు గడియ విరిగినట్టే ఉంటుంది. మొదటి ఆయన ఫామ్‌ల మీద సంతకాలు చేయించుకోవడంలో బిజీ, రెండో ఆయనకు అసలు ఆ ఆలోచనే రాదు.

ఇక పిల్లల హక్కులు అన్న మాట వినపడితే చాలు, చాలామందికి అది క్రమశిక్షణకు అడ్డు అనిపిస్తుంది. అక్కడి నుంచే మొదలుపెడదాం.

మొదటి పని: మీ భయాలను కాగితం మీద పెట్టండి

ఒక తెల్లకాగితం తీసుకుని మూడు గడులు గీయండి. మొదటి గడిలో, కేసు భయంతో మీ బడిలో మానేసిన పనులు రాయండి. టూర్లు రద్దు చేశారా? ల్యాబ్‌లో పిల్లలతో ప్రయోగాలు మానిపించి టీచరే చేసి చూపిస్తున్నారా? ఇంటర్వెల్‌లో పరుగెత్తొద్దన్నారా? రెండో గడిలో, అలా మానాలని చెప్పింది ఎవరో రాయండి. చట్టమా, వకీలా, లేక స్టాఫ్ రూమ్‌లో ఎవరో ఎక్కడో విన్న కథా? మూడో గడిలో, పిల్లల విషయంలో మీకు చిరాకు తెప్పించే హక్కులు రాయండి. "వాడి వాదన కూడా వినాలట", "బ్యాగు చూడాలంటే కారణం చెప్పాలట" లాంటివి. ఈ కాగితం ఎవరికీ చూపించక్కర్లేదు, కాబట్టి నిజం రాయండి.

రెండో గడి నింపేటప్పుడు చాలామంది పెన్ను ఆగిపోతుంది. టూర్లు మానమని చట్టం చెప్పదు. బ్రిటన్‌లో 2006లో వచ్చిన పరిహార చట్టం అయితే దీనికి ఎదురు వైపు నుంచి మాట్లాడింది: ఫలానా జాగ్రత్త తీసుకోవాల్సిందని తేల్చే ముందు, ఆ జాగ్రత్త వల్ల ఒక మంచి కార్యక్రమమే ఆగిపోతుందేమో అన్నది కూడా కోర్టు చూడొచ్చని అందులో రాశారు.

రెండో పని: "నిర్లక్ష్యం" అంటే ఏంటో నాలుగు ప్రశ్నల్లో నేర్చుకోండి

సివిల్ కేసుల్లో బడి మీద వచ్చే ఆరోపణ చాలావరకు ఒక్కటే, నిర్లక్ష్యం. దేశాన్ని బట్టి చట్టం మారుతుంది గానీ, ఇంగ్లిష్ న్యాయ సంప్రదాయం నడిచే చోట్ల కోర్టులు వేసుకునే ప్రశ్నలు దాదాపు ఇవే. ఆ పిల్లాడి పట్ల జాగ్రత్త తీసుకోవాల్సిన బాధ్యత మీకుందా? ఆ బాధ్యతలో లోటు చేశారా? ఆ లోటు వల్లే దెబ్బ తగిలిందా? నిజంగా నష్టం జరిగిందా? నాలుగింటికీ అవునని తేలితేనే పరిహారం. ప్రమాదం జరిగినంత మాత్రాన తప్పు మీదని ఎవరూ అనరు.

మరి ఎంత జాగ్రత్త? 1893లో ఇంగ్లండ్‌లో విలియమ్స్ వర్సెస్ ఈడీ అనే కేసు వచ్చింది. బడిలో ఫాస్ఫరస్ సీసా పిల్లలకు అందేలా ఉంచారు. అది పిల్లల చేతికి చిక్కింది, ఒక విద్యార్థికి కాలింది. జాగ్రత్త గల తండ్రి తన పిల్లల విషయంలో ఎంత శ్రద్ధ తీసుకుంటాడో మాస్టారూ అంతే తీసుకోవాలని కోర్టు అంది. నలభై మందిని చూసుకునే టీచర్‌ను ఇద్దరు పిల్లల తండ్రితో పోల్చడం సరికాదనే విమర్శ తర్వాత వచ్చింది, అదీ న్యాయమే. అయినా రోజూ వాడుకోవడానికి ఆ కొలత బాగానే పనికొస్తుంది.

నాకు మాత్రం వేల్స్‌లోని కార్మార్థెన్‌షైర్ కేసే ఎక్కువ నేర్పింది. 1955లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. ఒక నర్సరీ స్కూల్లో టీచరమ్మ ఇద్దరు చిన్నపిల్లల్ని షికారుకు తీసుకెళ్లడానికి సిద్ధం చేసింది. ఈలోగా ఇంకో పిల్లాడు పడి దెబ్బ తగిలించుకుని కనిపిస్తే, కట్టు కట్టడానికి ఆగింది. పది నిమిషాల పని. ఆ వ్యవధిలో ఆ ఇద్దరిలో ఒకడు, సుమారు నాలుగేళ్ల పిల్లాడు, గేటు దాటి రోడ్డు మీదకు వెళ్లిపోయాడు. వాడిని తప్పించబోయి ఒక లారీ డ్రైవర్ స్తంభాన్ని గుద్ది చనిపోయాడు. ఆయన భార్య కేసు వేసింది.

తీర్పు ఎలా వచ్చి ఉంటుంది? మనలో చాలామంది "టీచర్ తప్పు" అనేస్తాం. కోర్టు అనలేదు. ఏడుస్తున్న పిల్లాడికి కట్టు కట్టడం తప్పెలా అవుతుందని, టీచర్‌ను నిర్దోషిగా వదిలేసింది. బాధ్యత మాత్రం బడిని నడిపే కౌంటీ కౌన్సిల్ మీద పడింది. అంత చిన్న పిల్లాడు అంత తేలిగ్గా ఎలా బయటికి రాగలిగాడో వాళ్లు చెప్పలేకపోయారు. అంటే ప్రశ్న టీచర్ దగ్గర ఆగలేదు, గేటు దగ్గరికి వెళ్లింది. గేటు చూడాల్సింది టీచర్ కాదు, మీరు.

మూడో పని: బడి చుట్టూ నడవండి

వారానికోసారి చాలు. కానీ పాఠాలు జరుగుతున్నప్పుడు కాదు, బెల్లు కొట్టే ముందూ వెనకా. పిల్లలు పెద్దల కన్ను తప్పేది ఒక టీచర్ వెళ్లి ఇంకో టీచర్ వచ్చే ఆ నాలుగైదు నిమిషాల్లోనే. మీ ఎత్తు నుంచి కాకుండా, వీలైతే వంగి, పిల్లాడి ఎత్తు నుంచి చూడండి. గడియ చేతికందుతోందా? కిటికీ ఊచల మధ్య తల పడుతుందా? బస్సు వెనక్కి తీసే చోట పిల్లలు నిలబడుతున్నారా?

కనిపించినవి తేదీ వేసి రాయండి. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. తెలియక వదిలేసిన లోపం కన్నా, తెలిసీ ఊరుకున్న లోపం కోర్టులో మనల్ని ఎక్కువ ముంచుతుంది. అందుకే కొందరు హెడ్‌మాస్టర్లు అసలు రాయకపోవడమే మంచిదనుకుంటారు. రాయకపోతే తెలియనట్టే కదా అని. కాదు. తెలుసుకోవాల్సి ఉండి తెలుసుకోకపోవడం కూడా లోటే. అలాగే, "రిపేర్‌కు లెటర్ పెట్టాం" అన్నది సగం పనే. రిపేర్ అయ్యేదాకా అక్కడ తాడు కట్టారా, తలుపు మూశారా, ఒక మనిషిని నిలబెట్టారా అన్నది మిగతా సగం.

2004 జులై 16న కుంభకోణంలో ఒక బడికి నిప్పంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. పైకప్పు గడ్డితో వేసింది. రోజూ అందరి కళ్లెదుటే ఉన్న కప్పది. ఆ ఘటన నేపథ్యంలో వేసిన పిటిషన్‌పై 2009లో భారత సుప్రీంకోర్టు, చదువుకునే హక్కులోనే సురక్షితమైన బడి హక్కు కూడా ఉందని చెప్పింది. ఇది నాకు చాలా ఇష్టమైన మాట. భద్రతను, హక్కును వేరు వేరు ఫైళ్లలో పెట్టుకున్న మనకు రెండూ ఒకటే ఫైలని చెప్పినట్టైంది.

బయటివాళ్లకు అప్పగించిన పనులు కూడా మీ నడకలో భాగమే. ఈత నేర్పేవాడు, బస్సు నడిపేవాడు, టూర్ ఏజెంట్. ఇంగ్లండ్‌లో ఒక పదేళ్ల అమ్మాయి బడి తరఫున ఈతకు వెళ్లి మెదడుకు తీవ్రమైన నష్టం పొందింది. ఈత నేర్పించింది కాంట్రాక్టర్. అయినా చదువులో భాగంగా అప్పగించిన పనిలో జరిగిన నిర్లక్ష్యానికి బడి యంత్రాంగం జవాబు చెప్పాల్సి ఉంటుందని 2013లో ఆ దేశ సుప్రీంకోర్టు తేల్చింది. 1995లో బియాస్ నది ఒడ్డుకు విహారయాత్రకు వెళ్లిన 14 మంది పిల్లలు మునిగిపోయారు. ఆ కేసులో భారత సుప్రీంకోర్టు 2001లో పరిహారాన్ని సమర్థించింది. నది దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లడం నేరం కాదు. వెంట వెళ్లిన టీచర్ల నిర్లక్ష్యంతోనే గొడవంతా.

ఇక సమ్మతి పత్రం. "ఏం జరిగినా బడికి సంబంధం లేదు" అని రాయించుకుని ధీమాగా ఉంటారు కొందరు. పిల్లాడికి ఉన్న హక్కును తల్లి సంతకం తుడిచేస్తుందని చాలా చోట్ల కోర్టులు ఒప్పుకోవు. ఆ పత్రాన్ని అసలు పనికి వాడుకోండి. పిల్లాడికి ఉబ్బసం ఉందా, ఏ మందు పడదు, ఈత వచ్చా, రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎత్తేదెవరు. బెదిరింపు వాక్యం తీసేస్తే ఆ జాగాలో ఈ నాలుగు ప్రశ్నలూ పడతాయి.

నాలుగో పని: శిక్షించే ముందు పిల్లాడి మాట వినండి

హక్కుల్లో అన్నిటికన్నా చవకైనది, అన్నిటికన్నా ఎక్కువగా ఎగ్గొట్టేది ఇదే.

1971లో అమెరికాలోని కొలంబస్ నగరంలో బడుల్లో అల్లర్లు జరిగాయి. చాలామంది విద్యార్థుల్ని పది రోజుల దాకా సస్పెండ్ చేశారు. నేను పక్కన నిలబడి చూస్తున్నానంతే, గొడవలో లేను అని ఒక విద్యార్థి అన్నాడు. కానీ అలా చెప్పే అవకాశం వాడికి బడి ఇవ్వనే లేదు. గాస్ వర్సెస్ లోపెజ్ పేరుతో ఈ కేసు అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లింది. తీర్పు 1975 జనవరిలో. కోర్టు అడిగింది పెద్దదేం కాదు. నీ మీద ఆరోపణ ఇదీ అని చెప్పండి. కాదంటే, మా దగ్గరున్న ఆధారం ఇదీ అని చెప్పండి. వాడి వైపు కథ వినండి. వకీళ్లు అక్కర్లేదు, విచారణకు తేదీలు పెట్టక్కర్లేదు, వరండాలో నిలబడి మాట్లాడినా సరే. పిల్లాడి వల్ల అప్పటికప్పుడు ప్రమాదం ఉంటే ముందు పంపించేసి, వీలైనంత త్వరగా తర్వాత వినొచ్చు.

ఆచరణలో ఇలా ఉంటుంది.

"నిన్న మూడో పీరియడ్‌లో ల్యాబ్ కిటికీ అద్దం పగిలింది. నువ్వే రాయి విసిరావని ఇద్దరు చెప్పారు. నువ్వేమంటావ్?"

"నేను కాదు సార్. ఆ టైంలో లైబ్రరీలో ఉన్నా."

"ఎవరైనా చూశారా?"

"మేడమ్ నా పేరు రాసుకున్నారు సార్, పుస్తకం తీసుకున్నప్పుడు."

లైబ్రరీ రిజిస్టర్ తెప్పించి చూడండి. పేరుంటే మీరు ఒక తప్పుడు శిక్ష నుంచి బయటపడ్డట్టే. పేరు లేకపోతే ఆ సంగతి కూడా వాడి ముందే చెప్పి, నిర్ణయం తీసుకుని, రెండు వాక్యాల్లో రాసి పెట్టండి. మొత్తం ఐదు నిమిషాలు. "నోర్ముయ్, నాకంతా తెలుసు" అనడానికి ఎంత టైం పడుతుందో దీనికీ ఇంచుమించు అంతే.

ఇలా వినకపోతే బడి పెద్దల మీదకే వ్యవహారం రావొచ్చని అదే ఏడాది ఫిబ్రవరిలో వుడ్ వర్సెస్ స్ట్రిక్లాండ్ తీర్పు చెప్పింది. ఆర్కాన్సా రాష్ట్రంలో కొందరు అమ్మాయిలు ఒక కార్యక్రమంలో పానీయంలో కాస్త మద్యం కలిపారు, స్కూల్ బోర్డు వాళ్లను బహిష్కరించింది. విద్యార్థి హక్కును ఉల్లంఘిస్తున్నామని తెలిసీ, లేదా తెలిసి ఉండాల్సిన స్థితిలో ఉండీ అలా చేస్తే బోర్డు సభ్యులు వ్యక్తిగతంగా పరిహారం కట్టాల్సి రావొచ్చని కోర్టు అంది. 1982లో వేరే కేసులో ఆ పరీక్షను మార్చారు. అధికారి మనసులో ఏముందన్నది పక్కన పెట్టి, స్పష్టంగా స్థిరపడిన హక్కును తోసేశారా అన్నదే చూడాలన్నారు. మనకు పనికొచ్చేది ఏంటంటే, "నాకు దురుద్దేశం లేదు" అన్నది పూర్తి రక్షణ కాదు.

అయితే పరిహారం అనగానే లక్షలు కళ్ల ముందు కదలాడక్కర్లేదు. 1978 నాటి కేరీ వర్సెస్ పైఫస్ కేసులో, విచారణ లేకుండా సస్పెండ్ చేయడం తప్పే గానీ, దానివల్ల నిజంగా నష్టం జరిగిందని రుజువు కాకపోతే పరిహారం ఒక డాలర్ మించదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఇద్దరు విద్యార్థుల్లో ఒకడు చేసిన తప్పు చెవిపోగు పెట్టుకోవడం. ఒక చెవిపోగు, ఒక డాలర్, దాని కోసం సుప్రీంకోర్టు దాకా. ముందే కూర్చోబెట్టి మాట్లాడితే తేలిపోయేది.

కొట్టడం గురించి ఎక్కువ చెప్పను. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 28వ అధికరణం, బడి క్రమశిక్షణ పిల్లల గౌరవానికి తగ్గట్టు ఉండాలంటుంది. భారత విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. మీ దగ్గర చట్టం ఏం చెప్పినా, కొట్టిన చేతికి కోర్టులో సమర్థన వెతకడం కన్నా కొట్టకపోవడం తేలిక.

ఐదో పని: బ్యాగు తెరిచే ముందు ఒక్క నిమిషం ఆగండి

రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ పిల్లాడి దగ్గరే ఉందనుకోవడానికి నా దగ్గర ఏ కారణం ఉంది? నేను వెతుకుతున్న వస్తువుకు ఈ సోదా తగినంతేనా, మితిమీరుతోందా? 1985లో న్యూజెర్సీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు పెట్టిన కొలత ఇదే. బాత్రూమ్‌లో సిగరెట్ తాగుతూ దొరికిన అమ్మాయి హ్యాండ్‌బ్యాగ్ చూడటం సబబేనంది. 2009లో ఇంకో కేసు వచ్చింది. నొప్పి మాత్రలు దాచిందన్న అనుమానంతో పదమూడేళ్ల అమ్మాయిని లోదుస్తుల దాకా సోదా చేశారు. మాత్రలు దొరకలేదు. అది రాజ్యాంగ విరుద్ధమని కోర్టు తేల్చింది. అప్పటికి చట్టం అంత స్పష్టంగా లేదన్న కారణంతో అధికారులు వ్యక్తిగతంగా బయటపడ్డారు. ఇప్పుడు ఎవరైనా అదే పని చేస్తే ఆ వంక చెల్లదు.

బట్టలు విప్పించడం అన్నది మీ బడిలో ఎవరికీ, ఏ కారణానికీ అనుమతి లేదని రాసి పెట్టండి. బ్యాగు చూసేటప్పుడు ఇంకో పెద్ద మనిషి పక్కన ఉండాలి, మిగతా పిల్లలు ఉండకూడదు. ఫోన్ లాక్కోవడం వేరు, అందులో మెసేజ్‌లు చదవడం వేరు. రెండోది చేయొద్దు.

పిల్లల మాట, నమ్మకం విషయంలో ఒక్క ప్రశ్న చాలు: దానివల్ల పాఠం ఆగిందా, ఎవరికైనా హాని జరిగిందా? వియత్నాం యుద్ధానికి నిరసనగా నల్ల పట్టీలు కట్టుకొచ్చిన పిల్లల కేసులో 1969లో అమెరికా కోర్టు అడిగింది ఇంచుమించు ఇదే. 1986లో కేరళ నుంచి వచ్చిన కేసులో, జాతీయగీతం పాడకపోయినా గౌరవంగా నిలబడ్డ ముగ్గురు పిల్లల్ని బడి నుంచి తీసేయడం తప్పని భారత సుప్రీంకోర్టు చెప్పింది. మీకు నచ్చకపోవడం, బడికి నష్టం జరగడం రెండూ ఒకటి కాదు.

ఆరో పని: ప్రమాదం జరిగిన రోజు

ముందు పిల్లాడు. తర్వాత తల్లిదండ్రులకు ఫోన్, అదీ మీరే చేయాలి, అటెండర్‌తో చేయించకూడదు. తర్వాత సీసీ కెమెరా రికార్డింగ్ తుడిచిపోకుండా దాచండి. ఆ తర్వాత రాయండి, అదే రోజు.

ఎలా రాయాలో చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే బోల్తా పడతారు. "పిల్లవాడి అల్లరి వల్ల జారి పడినాడు. సిబ్బంది తప్పు ఏమీ లేదు." ఇది రికార్డు కాదు, వాదన. చదివిన ఎవరికైనా ఏదో దాస్తున్నారనిపిస్తుంది. ఇలా రాయండి: "11.20కి ఇంటర్వెల్ బెల్లు అయ్యాక, తూర్పు మెట్ల మీద నాలుగో మెట్టు దగ్గర జారాడు. మెట్ల మీద నీళ్లున్నాయి. 10.50కి తుడిచారు. హెచ్చరిక బోర్డు లేదు. కుడి మణికట్టు వాచింది. 11.25కి ఐస్ పెట్టాం, 11.30కి తల్లికి ఫోన్ చేశాం." అవును, బోర్డు లేదన్న మాట మీకు వ్యతిరేకంగా వెళ్లొచ్చు. రాయకపోయినా ఆ సంగతి చూసిన పిల్లలు ముప్పై మంది ఉన్నారు. తర్వాత దిద్దిన రికార్డు బయటపడితే, అప్పటిదాకా మీవైపున్నవాళ్లు కూడా నమ్మరు. పిల్లల్ని పిలిచి "ఇలా చెప్పండి" అని మాత్రం నేర్పొద్దు.

క్షమాపణ చెప్తే తప్పు ఒప్పుకున్నట్టేనా అని టెన్షన్ పడతారు. ఇందాక చెప్పిన 2006 నాటి బ్రిటన్ చట్టమే, క్షమాపణ చెప్పినంత మాత్రాన బాధ్యత ఒప్పుకున్నట్టు కాదని రాసింది. మీ దగ్గర అలాంటి వాక్యం ఉందో లేదో వకీల్ని అడగండి. లేకపోయినా, "అమ్మా, మా దగ్గర ఉండగా ఇలా జరిగినందుకు చాలా బాధగా ఉంది, ఎలా ఉన్నాడు?" అనడానికి ఏ చట్టమూ అడ్డం రాదు. నాకు తెలిసి బడి మీద కోపం ముదిరింది దెబ్బ తగిలినందుకు కాదు. మర్నాడు ఎవరూ ఫోన్ చేయలేదని, గేటు దగ్గర గంట నిలబెట్టారని.

ఏడో పని: ఏ గొడవా లేనప్పుడు వకీలుతో ఒక గంట

కేసు వచ్చాక వకీలు అడిగేవి వేరు. ఏమీ లేనప్పుడు మీరు అడగాల్సినవి ఇవి: బడి అయ్యాక, గేటు బయట మా బాధ్యత ఎంతవరకు? దావా వేయడానికి పిల్లలకు ఎన్నేళ్ల గడువుంది, అంటే రికార్డులు ఎన్నాళ్లు దాచాలి? బడి ఇన్సూరెన్స్‌లో ఏవి రావు? టీచర్ తప్పుకు యాజమాన్యం ఎప్పుడు జవాబు చెప్పాలి? జవాబులు ఒక పేజీలో రాసుకుని స్టాఫ్‌కు ఇవ్వండి. చాలా దేశాల్లో పిల్లలు మేజర్లు అయ్యాకే వాళ్ల గడువు మొదలవుతుంది కాబట్టి, పాత రిజిస్టర్లను తూకానికి వేసే ముందు ఇది తప్పక అడగండి.

స్టాఫ్ మీటింగ్‌లో

నెలకు ఇరవై నిమిషాలు. ఉపన్యాసం వద్దు. ఒక సంఘటన చెప్పి "మీరైతే ఏం చేసేవారు?" అని అడగండి. కార్మార్థెన్‌షైర్ టీచరమ్మతో మొదలుపెట్టొచ్చు, వాదన బాగా రేగుతుంది. తర్వాత, కొద్దిలో తప్పిపోయిన ప్రమాదాలు చెప్పమనండి. మొదటి నెల ఎవరూ నోరు తెరవరు. రెండో నెల ఒక కుర్ర టీచర్ లేచి, "సార్, పోయిన వారం ల్యాబ్‌లో గ్యాస్ ట్యాప్ కట్టేయడం మర్చిపోయా" అంటుంది. గదిలో అందరూ అప్పుడు ఆమె వైపు చూడరు, మీ వైపు చూస్తారు. "థ్యాంక్స్ అమ్మా, సాయంత్రం ఎవరు చెక్ చేయాలో ఇప్పుడే రాసేద్దాం" అని రిజిస్టర్ తెరవండి.